దించని కుండ

మేస్త్రి గారు పోయారన్న కబురు ఒక మంగళవారం పొద్దున్న తెలిసింది. రణస్థలం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో నేనిప్పుడు శాంపిళ్లు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. అక్కడ లోపలికి ఫోన్లు తేనివ్వరు. గేటు దగ్గర పెట్టెలో పెట్టిన నా ఫోను ఆగకుండా మోగుతోందని సెక్యూరిటీ అతను వచ్చి చెబితే పరిగెత్తాను. మేస్త్రి గారి భార్య. ఆవిణ్ణి పిన్ని అంటాను, ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. చుట్టరికమేమీ లేదు, ఒకే ఫ్యాక్టరీలో పని చేశాం, అంతే. పిన్ని ఏడవడం లేదు.

"మీ బాబాయ్ పోనాడే గుంటా. పొద్దున్నే లెగిసి అంబలి తాగినాడు. గోడకి ఆనుకున్నాడు. మరి లెగనేదు."

మా వైపు ఆడపిల్లని ముద్దుగా గుంట అంటారు. నాకిప్పుడు నలభై దాటాయి. అలా పిలిచేవాళ్లలో ఒకరు తగ్గిపోయారు.

వస్తున్నాను పిన్నీ అని ఫోను పెట్టేసి, తిరిగి లోపలికి వెళ్లి, సగంలో ఉన్న పరీక్ష పూర్తి చేసి, రిజిస్టరులో అంకె రాసి అప్పుడు బయల్దేరాను. రాతి గుండె అనుకుంటే అనుకోండి. మొదలెట్టిన పని సగంలో వదిలి వెళ్లకూడదని నాకు నేర్పింది ఆయనే. అంత బాగా నేర్చుకున్న దాన్ని, ఆయనతోనే ఒక మాట సగంలో మింగేశాను. ఆ సంగతి ఎక్కడో ఒకచోట చెప్పాలి కాబట్టే ఇది రాస్తున్నాను.

మాది విజయనగరం జిల్లాలో ఒక చిన్న ఫెర్రో మాంగనీసు ఫ్యాక్టరీ. గజపతినగరం నుంచి వచ్చే బస్సు మమ్మల్ని గేటు దగ్గర దింపేది. పేరు చెప్పను, ఆ బోర్డు కూడా ఇప్పుడు లేదు. ఉక్కు గట్టిపడటానికి కలిపే లోహం అక్కడ తయారయ్యేది. లోహం కరిగించడం అంటే మనకి కమ్మరి కొలిమి గుర్తొస్తుంది. వేడి చేస్తారు, పని అయ్యాక ఆర్పేస్తారు, మర్నాడు మళ్లీ అంటిస్తారు. మా ఫర్నేసు అలాంటిది కాదు. రెండంతస్తుల ఎత్తున్న ఇనుప పీపా. లోపల ఇటుకల గోడ. పైనుంచి మాంగనీసు రాయి, కోకు బొగ్గు కలిపి పోస్తూనే ఉంటారు. మూడు నల్లటి ఎలక్ట్రోడ్లు ఆ గుట్టలోకి దిగి ఉంటాయి, వాటిలోంచి కరెంటు పోతుంది. రాయి కరుగుతూ కిందికి జారి, అడుగున లోహంగా చేరుతుంది. దాని మీద స్లాగు అనే చెత్త తేలుతుంది. రెండు మూడు గంటలకోసారి పక్కనున్న చిల్లు తెరిచి ఆ రెండింటినీ బయటికి వదిలి, మళ్లీ మట్టితో మూసేస్తారు. దాన్ని ట్యాపింగు అంటారు. పైన పోయడం ఆగదు, కింద తీయడం ఆగదు. ఆదివారం లేదు, పండగ లేదు, ఏళ్ల తరబడి అంతే.

ఇంత వివరంగా నేను ఇప్పుడు చెబుతున్నాను గానీ, కెమిస్ట్రీ డిగ్రీ పట్టుకుని చేరిన మొదటి రోజు నాకేమీ అర్థం కాలేదు. ట్యాపింగు చూపించడానికి మేనేజరు నన్ను కిందికి పంపాడు. అక్కడ తలకి తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ల దాకా బూట్లేసుకుని, ఒక పొట్టి మనిషి నిలబడి ఉన్నారు. కనుబొమలు లేవు. వేడికి ఎప్పుడో కాలిపోయాయట, మళ్లీ రాలేదు. అందుకని ఆయన ముఖం ఎప్పుడూ ఏదో వింత చూసినట్టుండేది.

"దీన్ని ఎప్పుడు ఆపుతారండీ?" అని అడిగాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మీ ఇంటికాడ అన్నం ఉడికినాక ఏటి సేస్తారు?"

"దించుతాం."

"ఇది దించని కుండ. పైన బియ్యం ఏస్తనే ఉంటాం, కింద అన్నం తీస్తనే ఉంటాం. దించినావంటే సల్లారిపోద్ది. సల్లారితే లోపలున్నదంతా రాయైపోద్ది. మరి ఎవులి అబ్బ తరమూ కాదు."

మూడేళ్లు డిగ్రీ చదివినా తెలియని ఆ పద్ధతి ఒక్క ముక్కలో అర్థమైంది ఆ రోజే.

నా పని స్లాగు ముక్క పొడి చేసి, అందులో ఎంత మాంగనీసు వృథాగా పోతోందో లెక్క తేల్చడం. నాకు గంటన్నర పట్టేది. ఆయన చల్లారిన స్లాగు ముక్కని వెలుతురుకి ఎత్తి చూసి, "పచ్చగున్నాది. కోకు సాల్నేదు" అని పైకి కేకేసేవారు. మాంగనీసు మిగిలిపోతే స్లాగు ఆకుపచ్చగా ఉంటుంది. నా అంకె వచ్చేసరికి పైన కోకు పెంచేసి ఉండేవారు. నాకు ఒళ్లు మండేది. ఒకసారి, "అయితే నేనెందుకు ఇక్కడ?" అని అడిగేశాను.

"నాను సచ్చిపోతే ఎవులు సూస్తారే? కన్ను నాతో వచ్చెత్తాది. నీ కాయితం ఉంటాది."

పొగడ్తో వెక్కిరింతో తెలియలేదు. ఆ రోజు నుంచి మాత్రం స్లాగు వచ్చిన ప్రతిసారీ ముందు నన్ను చూడమనేవారు. ఎంత ఉంటాదో సెప్పు, అనేవారు. నేను చెప్పేదాన్ని, తర్వాత పరీక్ష చేసేదాన్ని. ఆరు నెలలకి నా కన్ను కూడా దారిలో పడింది. తప్పు చెప్పినప్పుడు ఆయన ముఖం చూడాలి, పెళ్లిలో వడ్డన తక్కువైనట్టు పెట్టేవారు.

ఆయనకి పట్టుదల అంటే ఒక్క దాని మీదే. తడి. కరిగిన లోహం మీద గుక్కెడు నీళ్లు పడినా పేలుతుంది, ఎదురుగా ఉన్నవాళ్ల ప్రాణం పోతుంది. ఎక్కడో తన చిన్నతనంలో అలా పోయినవాణ్ణి ఆయన చూశారట. అందుకని వానలో తడిసి వచ్చినవాడు బట్టలు మార్చుకోకుండా ఫర్నేసు దగ్గరికి వచ్చాడా, అయిపోయాడన్న మాటే. పిన్ని కళింగపట్నం ఆడపడుచు. ఎండ తగలకుండా అంబలి క్యారేజీకి తడిగుడ్డ చుట్టి మధ్యాహ్నం తెచ్చేది. గేటు దాటి పది అడుగులు వేసిందో లేదో, ఇక్కణ్నుంచి అరుపు.

"ఒసే! ఆ తడిగుడ్డ అక్కడే ఇప్పీ! కాపరం సెయ్యాలనున్నాదా నేదా?"

"అంబలి ఏడెక్కిపోతాది, నీ కొంప ములగా!" అని ఆవిడ అక్కణ్నుంచే. ఇరవై ఏళ్లు అదే సంభాషణ. పిన్ని ఆ గేటు దగ్గరి చెట్టు నీడ దాటి ఎప్పుడూ లోపలికి రాలేదు. మొగుడు దేనికోసం కనుబొమలు కాల్చుకున్నాడో ఆవిడ చూడలేదు.

విశ్వకర్మ పూజ రోజున అన్ని ఫ్యాక్టరీల్లోనూ యంత్రాలు ఆపి, కడిగి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. మాకు ఆపడం లేదు, కడగడం లేదు, కొబ్బరికాయ అసలే లేదు. అందులో నీళ్లుంటాయి కదా. అందుకని మేస్త్రి గారు గేటు బయట టెంకాయ కొట్టి, ఫర్నేసుకి మాత్రం కురిడీ ఇచ్చేవారు. నీళ్లన్నీ ఇంకిపోయి గలగలలాడే ఎండు కొబ్బరికాయ. చెవి దగ్గర ఊపి, లోపల చుక్క నీరు లేదని నిర్ధారించుకుని, చేత్తో దండం పెట్టి పైనున్న గుట్టలోకి విసిరేవారు. ఇంకో కురిడీ పగలగొట్టి అందరికీ తలో ముక్క పంచేవారు. మేం చర్చికి వెళ్లే కుటుంబం, నేను కొంచెం వెనక నిలబడేదాన్ని. "తిను గుంటా, ఇది దేవుడిది కాదు, కుండది" అని నా చేతిలో పెట్టేవారు. అంత కమ్మటి కొబ్బరి నేను మళ్లీ తినలేదు.

ఒక ఏడాది తుఫానుకి కరెంటు స్తంభాలన్నీ పడిపోయాయి. ఎన్ని రోజులకి వస్తుందో చెప్పేవాడు లేడు. ఫర్నేసు చల్లారిపోతే మా బతుకులూ చల్లారినట్టే. మేస్త్రి గారు అడుగున ఉన్న లోహాన్ని తీయలేదు. ఎలక్ట్రోడ్లు కిందికి దించి, పైన మందంగా కోకు కప్పించి, రేకులు పరిపించి, దాని పక్కనే కూర్చున్నారు. ఇంటి పైకప్పు ఎగిరిపోయిందని పిన్ని మనిషిని పంపినా వెళ్లలేదు. కరెంటు వచ్చిన మధ్యాహ్నం, లోపల అడుగున లోహం ఇంకా ఎర్రగా ఉంది. సాయంత్రానికి ఫర్నేసు పట్టాలెక్కింది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో గడ్డకట్టిన ఫర్నేసులు పగలగొట్టుకుంటుంటే మాది మాత్రం మండుతోంది. ఆయన జీవితంలో గొప్ప రోజు అదే. ఆయనకి చేటు చేసిందీ ఆ రోజే.

కొన్నేళ్లకి కరెంటు ధర పెరిగి, బయటి దేశాల లోహం చవకగా దిగి, మా యాజమాన్యం చేతులెత్తేసింది. అలా చెప్పలేదు గానీ. మేనేజరు అందర్నీ పిలిచి, "మూడు వారాలు ఆపుతున్నాం, రేట్లు మాట్లాడుకుని మళ్లీ మొదలెడతాం" అన్నాడు.

ఆపడం రెండు రకాలు. కొద్ది రోజులకైతే తుఫానప్పుడు చేసినట్టు లోహం లోపలే ఉంచి, కోకు కప్పి, వేడి కాపాడుకోవాలి. మళ్లీ అంటించడం తేలిక. చాలాకాలానికైతే అడుగున కొత్త చిల్లు పొడిచి చివరి బొట్టు దాకా తోడేయాలి. అలా తోడితే లోపలి ఇటుక దెబ్బతింటుంది, మళ్లీ నిలబెట్టడానికి నెలలు పడుతుంది. కానీ కుండ ఖాళీగా ఉంటుంది, ఎప్పటికైనా పనికొస్తుంది. తోడకుండా వదిలేస్తే లోహం మొత్తం ఒకే గడ్డ అవుతుంది. ఇక అంతే.

మేనేజరు మూడు వారాలన్న రోజు పొద్దున్నే నన్ను పిలిచి, ల్యాబులో రసాయనాల ఆర్డర్లు రద్దు చేయమన్నాడు. త్రాసు, శాంపిళ్లు కాల్చే ప్లాటినం మూస ప్యాక్ చేసి హెడ్డాఫీసుకి పంపమన్నాడు. మూడు వారాల్లో మొదలెట్టేవాడు త్రాసు పంపించేస్తాడా? నాకు అర్థమైంది. "ఎవరికీ అనకు, గొడవ చేస్తారు" అన్నాడు. నాకు రావాల్సిన అనుభవం సర్టిఫికెట్టు అతని టేబులు మీదే ఉంది, సంతకం లేకుండా.

మధ్యాహ్నం మేస్త్రి గారు ల్యాబు తలుపు దగ్గరికి వచ్చారు. ఎప్పుడూ లోపలికి రారు, బూట్ల మసి అంటుకుంటుందని.

"గుంటా, నువ్వు ఆపీసోలతో తిరుగుతావు. మూడు వారాలంతన్నారు. నిజవేనా? తోడెయ్యాలంటే ఇయ్యాలే సిల్లు పొడవాల."

టేబులు మీద త్రాసు పెట్టె సగం కట్టి ఉంది. దాని మీద పేపరు కప్పాను.

"అలాగే అంటున్నారు బాబాయ్," అన్నాను.

అబద్ధం కాదు. అలాగే అంటున్నారు కదా. ఇలాంటి తెలివి నాకు చదువు వల్లే వచ్చింది.

"అయితే ఉంచేస్తాను. మూడు వారాలకి కడుపు సీల్చడమెందుకు?" అని వెళ్లిపోయారు. ఆ రోజంతా మనుషుల్ని పెట్టి కోకు కప్పించారు. చంటిపిల్లకి దుప్పటి కప్పినట్టు మూలమూలలా సర్దడం నేను ల్యాబు కిటికీలోంచి చూశాను. వెళ్లి చెప్పడానికి నాకు ఆ పూటంతా ఉంది.

మూడు వారాలు అయ్యాయి. ఆరు అయ్యాయి. ఆయన రోజూ వెళ్లి ఫర్నేసు ఇనుప ఒంటి మీద అరచెయ్యి ఆనించి చూసి వచ్చేవారు. వాచ్‌మన్ పాతవాడే కాబట్టి వదిలేవాడు. మొదట చెయ్యి పెట్టలేకపోయేవారట. తర్వాత పెట్టి ఉంచగలిగారు. "ఇంకా ఏడుగానే ఉన్నాది" అని ఇంటికొచ్చి చెప్పేవారని పిన్ని అనేది. నాలుగు నెలల తర్వాత కూడా అదే మాట. అప్పటికి నేను రణస్థలంలో చేరిపోయాను. ఆ వేడి సాయంత్రపు ఎండదని ఆయనకి తెలియదా? తెలుసు.

రెండేళ్లకి ఒడిశా నుంచి ఎవరో కొనుక్కోవడానికి వచ్చారు. మేస్త్రి గారు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లారట. పాత కార్మికులందరూ గేటు దగ్గర చేరారు. వచ్చిన ఇంజనీరు పైకెక్కి కోకు తవ్వించి, సుత్తితో రెండు దెబ్బలు కొట్టి దిగాడు. "మెటల్ ఎందుకు తీయలేదు? ఎవరు మేస్త్రి?" అని అడిగాడు. ఈయన చెయ్యి ఎత్తారు. "ఇది పగలగొట్టే బదులు వేరేచోట కొత్తది కట్టుకోవడం నయం" అని ఆ మనిషి కారెక్కాడు. తోడేసి ఉంటే కొనేవాడా? ఏమో. కొనేవాడనే మేస్త్రి గారు నమ్మారు. గేటు దగ్గరున్న వాళ్లు ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయన తట్టుకోలేకపోయారని పిన్ని అంటుంది. తర్వాత ఆ పాత కార్మికులు చేరే బజారులో టీకి వెళ్లడం మానేశారు.

ఇంట్లో కట్టెల పొయ్యి ఆర్పడానికి పిన్ని నీళ్లు చల్లబోతే, "నిప్పుని నీల్లతో సంపకే, దాని మానాన దాన్ని ఆరనీ" అని కసురుకునేవారు. చివరి రోజుల్లో మాట్లాడిన మాటలు అవే, అంతకంటే పెద్దగా లేవు. ఊపిరి ఆడేది కాదు. బారెడు ఇనుప గడ కదలకుండా పట్టి చిల్లు తెరిచిన చేతులు, గ్లాసు పట్టుకోలేకపోయేవి.

పోయే ముందు నెలలో చూడ్డానికి వెళ్లాను. పిన్ని టీ పెడుతోంది. నేను చెప్పేశాను. త్రాసు పెట్టె సంగతి, ఆర్డర్ల సంగతి, సర్టిఫికెట్టు సంగతి. "నాకు తెలుసు బాబాయ్, ఆ రోజే తెలుసు" అన్నాను. నువ్వు చెప్పినా నేను తోడేవాణ్ణి కాదులే అంటారనుకున్నాను. ఆ మాట కోసమే వెళ్లానేమో. పెద్దవాళ్లు అలా అంటారు కదా, మన బరువు దించడానికి.

ఆయన నా వైపు చూశారు. కనుబొమలు లేని ఆ ముఖంలో కోపం ఉందో లేదో ఎప్పుడూ తెలిసేది కాదు.

"అప్పుడే సెప్పాల్సింది గుంటా," అన్నారు.

అంతే. తర్వాత, "టీ తాగెల్లు, సల్లారిపోద్ది," అన్నారు. తాగాను. బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఆయన నన్ను క్షమించలేదు. తిట్టనూ లేదు. అదే చివరిసారి.

ఆయన పోయేనాటికే తుక్కువాళ్లు ఫ్యాక్టరీని ముక్కలు చేసి పట్టుకుపోయారు. రేకులు, ట్రాన్స్‌ఫార్మరు, పట్టాలు, చివరికి ఫర్నేసు ఇనుప ఒళ్లు కూడా గ్యాసు కట్టర్లతో కోసేశారు. లోపలి గడ్డ మాత్రం వాళ్ల వల్ల కాలేదు. పగల్లేదు, కదల్లేదు, వదిలేసి పోయారు. ఆ ఫ్యాక్టరీలో ఇప్పుడు మిగిలింది ఆయన ఉంచేసిన లోహం ఒక్కటే.

నెలమాసికం అయిన మర్నాడు, "నన్నొకపాలి అక్కడికి తీసుకెల్లవే, సూస్తాను," అంది పిన్ని. ముందు రోజు బాగా వాన పడింది. గేటు లేదు, ఆవిడ నిలబడే చెట్టు లేదు. అలవాటు కొద్దీ పిన్ని ఆ చోట ఆగింది. నేను చెయ్యి పట్టుకుంటే నడిచింది. తుప్పల మధ్య అది కనబడింది. నల్లగా, గుండ్రంగా, నడుమెత్తు, ఇద్దరు మనుషులు అడ్డంగా పడుకునేంత వెడల్పు. నడిమి పల్లంలో వాననీళ్లు నిలిచి ఉన్నాయి.

"ఇదేనేటి?" అంది.

"ఇదే పిన్నీ."

పిన్ని ఆ నీళ్ల వంక చూసింది. ఒకసారి వెనక్కి తిరిగి గేటు వైపు చూసింది, ఎవరైనా అరుస్తారేమోనన్నట్టు. తర్వాత చీర కొంగు నడుముకి దోపుకుని, ముందుకి వంగి, మెల్లగా ఆ నీళ్లలో చెయ్యి ముంచింది.

ఏమీ కాలేదు.